వస పోస్తే మాటలు రావు, వింటేనే వస్తాయి

ఏడాదిన్నర నిండినా బిడ్డ పలకకపోతే పల్లెల్లో ముందు గుర్తొచ్చేది వసకొమ్ము. అరగదీసి నాలుకకు రాస్తారు. గలగల మాట్లాడేవారిని చూసి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారని నవ్వుకోవడమూ మామూలే. అయితే మాటకు మొదలు నాలుక కాదు, చెవి.

1984లో కెనడా శాస్త్రజ్ఞులు జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన ప్రకటించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని శిశువులకు హిందీలోని 'త', 'ట' శబ్దాలు వినిపించారు. ఆ తేడా ఇంగ్లీషు పెద్దలకు సరిగా అందదు. ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు మాత్రం ఇట్టే పట్టారు. ఏడాది దగ్గరపడేసరికి వారిలోనూ చాలామందికి ఆ నేర్పు పోయింది. ఇంట్లో వినపడని తేడాను చెవి వదిలేసిందన్నమాట. రోజూ 'తాత', 'టాటా' వినే తెలుగు బిడ్డ దాన్ని వదులుకోడు. ఒక్క మాటా పలకని రోజుల్లోనే ఇంత పని జరిగిపోతుంది.

శబ్దం పట్టడం ఒక ఎత్తు, అర్థం పట్టడం మరో ఎత్తు. తల్లి చెంబు అందిస్తూ 'నీళ్లు' అంటే, నీళ్లంటే చెంబా, చల్లదనమా, తాగడమా? బిడ్డ తల్లి చూపు ఎటు పోతోందో గమనిస్తాడు. చందమామను వేలితో చూపుతూ బువ్వ తినిపించడంలో ఉన్న సుగుణం ఇదే. వేలు, చూపు, మాట మూడూ ఒక్కచోట కలుస్తాయి. బిడ్డ ఎటు చూస్తున్నాడో సెల్‌ఫోనుకు తెలియదు. బొమ్మ కదులుతుంది గానీ బదులు పలకదు.

మొదట్లో ఆవు, గేదె, మేక అన్నీ 'అంబా'లే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు గానీ అది తెలివితక్కువతనం కాదు. తెలిసిన ఒక్క మాటతో నాలుగు కాళ్ల జీవాలన్నిటినీ పిలిచి చూస్తున్నాడు. 'అది మేక నాన్నా' అని పెద్దలు అంటూ ఉంటే ఆ మాట హద్దు తానే తెలుసుకుంటాడు. వేలితో చూపలేని మాటలకే తంటా. మూడేళ్ల పిల్ల 'రేపు ఊరెళ్లాం' అంటుంది. ఇక వరసల సంగతి చెప్పనే అక్కర్లేదు. తాను 'అత్తా' అని పిలిచే మనిషినే నాన్న 'అక్కా' అంటాడు, అమ్మ 'వదినా' అంటుంది. అత్త అనేది పేరు కాదు, వరస అని పూర్తిగా తెలియడానికి ఏళ్లు పడుతుంది.

ఇదంతా వినికిడి ఉన్న బిడ్డ సంగతి. పుట్టు చెవుడున్న శిశువు కూడా మొదటి నెలల్లో ఏడుస్తాడు, నవ్వుతాడు, 'ఊ' కొడతాడు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. తర్వాత 'వాళ్ల తాతకూ మాటలు ఆలస్యమే' అంటూ రెండేళ్లు, మూడేళ్లు గడిపేస్తారు. పోగొట్టుకోకూడని ఏళ్లు అవే. నెలలోపు పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల లెక్క. వినికిడి యంత్రం పెట్టినా, శస్త్రచికిత్స చేసినా, సైగల భాష నేర్పినా ఎంత ముందైతే అంత మేలు.

వెనుక నుంచి పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడని నిశ్చింతగా ఉండరాదు. పెద్ద చప్పుడు విని, మెల్లని మాట వినలేని పిల్లలుంటారు. బిడ్డ నిద్రలో ఉండగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే పరీక్ష ఉంది. నొప్పి ఉండదు.

ఏడాదికి 'బబబ', 'తాతాతా' అనకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు 'పాలు కావాలి' వంటి రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా వైద్యునికి చూపించాలి. కారణం ప్రతిసారీ చెవుడే కానక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందానికి చెబితే, జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. ఆ పరీక్షలకు డబ్బు కట్టనక్కర్లేదు.