కౌమార మనోవేదన: బడి ఆవరణలోనే చికిత్స

కౌమార వయసులో కలిగే మనోవేదనకు చికిత్స అనగానే వైద్యుడు, రోగనిర్ధారణ, మందులు గుర్తుకు రావడం సహజమే అయినా, పేదరికం, ఇంటి గొడవలు, చదువు ఆగిపోతుందన్న భయం నడుమ పెరిగే పిల్లల్లో అత్యధికులు మానసిక వైద్యుని గడప తొక్కరు. ఈ కారణంగానే చికిత్సను ఆస్పత్రి నుంచి బడికి తేవడానికి మన దేశంలో కొన్ని విలువైన పరిశోధనలు జరిగాయి.

వాటిలో ఒకటి, ‘సంగత్’ సంస్థ ‘ప్రైడ్’ పేరిట ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో చేపట్టినది. దీనికి ఆధారం సమస్యా పరిష్కార చికిత్స, అంటే 1971లో అమెరికా మనస్తత్వవేత్తలు డిజూరిల్లా, గోల్డ్‌ఫ్రీడ్ రూపకల్పన చేసిన పద్ధతి. ఎదురైన చిక్కును తాను విప్పలేనన్న నిస్సహాయత పాతుకుపోయినప్పుడు దిగులు ముదురుతుందనీ, చిక్కును విప్పే నేర్పును సాధనతో అలవరచవచ్చనీ ఈ పద్ధతి భావిస్తుంది. ఇక్కడ కౌన్సెలర్ జబ్బుకు పేరు పెట్టడు. తనను బాధిస్తున్నదేమిటో విద్యార్థే సొంత మాటల్లో చెప్పి, దాని తీవ్రతకు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేస్తాడు. ఉదాహరణకు, ఒకే గది ఉన్న ఇంట్లో గొడవల వల్ల చదువు సాగడం లేదని ఒక బాలిక చెబితే, తెల్లవారుజామున చదవడం, బడి వదిలాక అక్కడే గంటసేపు ఉండడం, పిన్నిగారింటికి వెళ్లడం వంటి మార్గాలన్నీ మంచిచెడ్డలు ఎంచకుండా ముందు రాసుకుని, తర్వాత వాటిలో ఒకటి ఎంచుకుని, వారం పాటు ఆచరించి, ఫలితాన్ని కౌన్సెలర్‌తో కలిసి చూసుకుంటుంది. బొమ్మల కథల పుస్తకాల తోడుతో, అరగంటకు మించని నాలుగైదు సమావేశాలు మూడు వారాల్లో ముగుస్తాయి. వీటిని నడిపినవారు మనస్తత్వశాస్త్ర నిపుణులు కారు, ఈ పనికోసం శిక్షణ పొందిన సామాన్యులు.

250 మంది విద్యార్థులతో జరిగిన ఈ అధ్యయన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. పుస్తకాలు మాత్రమే అందుకున్నవారితో పోలిస్తే, కౌన్సెలర్‌ను కూడా కలిసినవారిలో, వారే పేర్కొన్న సమస్యల తీవ్రత ఆరు వారాలకు ఎక్కువగా తగ్గింది. ప్రశ్నావళితో కొలిచిన లక్షణాలలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. అయినా ఈ ఫలితం చిన్నది కాదు, ఎందుకంటే పిల్లలు సహాయం అడిగింది లక్షణాల కోసం కాదు, తమ సమస్యల కోసం. ఆత్మహత్య ఆలోచనలు, లైంగిక హింస ఉన్నచోట మాత్రం ఈ పద్ధతి చాలదు. వెంటనే నిపుణుల వద్దకు పంపాలి.

బీహార్‌లోని నలంద జిల్లాలో 74 పాఠశాలల్లో జరిగిన ‘సెహర్’ అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. గోడపత్రిక, మనసులో మాట రాసి వేసే పెట్టె, విడిగా కౌన్సెలింగ్ ఉన్న ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో బయటి నుంచి వచ్చిన శిక్షిత కార్యకర్తలు, మరికొన్నింటిలో ఉపాధ్యాయులు నడిపారు. కార్యకర్తలున్న బడుల్లో కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో మాత్రం ఆ మేలు కనిపించలేదు. ఇది ఉపాధ్యాయుల అసమర్థత కాదు. పాఠాల భారం మోసే, మార్కులు వేసే చేతికి బిడ్డ తన గుట్టు అప్పగించడం కష్టమన్నదే దీనికి సముచితమైన వివరణ.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలన్నీ అర్హతగల కౌన్సెలర్‌ను నియమించాలి. తెలుగు రాష్ట్రాల్లోని రెసిడెన్షియల్ కళాశాలలు ఆ స్థానంలో ర్యాంకుల బాధ్యత మోసే లెక్చరర్‌నే కూర్చోబెడితే, నలందలో ఉపాధ్యాయులు నడిపిన బడులకు ఎదురైన ఫలితమే ఇక్కడా ఎదురు కావచ్చు.