కొడవలూరులో ప్లాటు కొనేముందు: కాలువ పక్కన వదలాల్సిన ఆ 9 మీటర్లు ఎక్కడున్నాయి?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగిపోయాయి. నెల్లూరు నుంచి విజయవాడ వైపు వెళ్లాల్సిన జనం ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. నీళ్లు తగ్గాయి, కట్ట మళ్లీ వేశారు, రైళ్లు తిరిగాయి. ఆ సంగతి చాలామంది మర్చిపోయారు కూడా.

అదే రహదారి మీద కోవూరు దాటి ఉత్తరంగా వెళితే కొడవలూరు మండలం. ఇది కనిగిరి రిజర్వాయర్ కాలువల కింద వరి పండే నేల. పైడేరు, మలిదేవి డ్రెయిన్, వాటిలో కలిసే చిన్నాచితకా పంటకాలువలు అన్నీ సముద్రం వైపు పారుతుంటాయి. అంటే ఇక్కడ ఏ పొలం అమ్మకానికి వచ్చినా దానికి ఒక పక్కనో, రెండు పక్కలో నీళ్ల దారి ఉంటుంది. పొలంగా ఉన్నంతకాలం అది అవసరం. పొలం లేఅవుట్ అయిన రోజున మాత్రం అదే నీళ్ల దారి అమ్మేవాళ్లకు అడ్డంగా కనిపిస్తుంది.

ఈ లేఅవుట్లలో ప్లాట్లు కొనేవాళ్లలో మన కుటుంబాలు తక్కువేం లేవు. అబ్బాయి కువైట్‌లోనో, సౌదీలోనో నాలుగైదేళ్లు కష్టపడి పంపిన డబ్బు, అమ్మీ దాచిన బంగారం, చెల్లెలి నికాహ్ కోసమని పక్కన పెట్టింది, అన్నీ కలిపి ఒక ప్లాటు మీద పెడతారు. ఎండాకాలంలో ఏజెంటు కారులో తీసుకెళ్లి చూపిస్తాడు. కాలువ ఎండిపోయి ఉంటుంది, పక్కన తుమ్మచెట్లు తప్ప ఏమీ ఉండవు. "భాయ్, ఈ పక్కది పార్కు, ఈ పక్కది గ్రీన్ బెల్ట్, గాలి బ్రహ్మాండంగా వస్తుంది" అంటాడు. బ్రోచర్‌లో ఆకుపచ్చ రంగు కూడా వేసి ఉంటుంది. ఆ రంగు చట్టం వేయించిందా, లేక ప్రింటింగ్ ప్రెస్‌లో వేసిందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

చట్టం వదలమంటున్న జాగాలు రెండు రకాలు. మొదటిది నీళ్ల కోసం. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017, అంటే జీవో 119లో ఈ దూరాలు రాసి ఉన్నాయి. మున్సిపాలిటీ పరిధి బయట నది అంచు నుంచి 100 మీటర్లు, మున్సిపాలిటీ లోపలైతే 50 మీటర్లు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువ, వాగు, మురుగు డ్రెయిన్ అయితే 9 మీటర్లు. 10 మీటర్లు, అంతకు లోపు వెడల్పు అయితే 2 మీటర్లు. ఈ జాగాలో ఇల్లు కట్టకూడదు. చెరువు లోపల, వాగు లోపల సరేసరి, అసలే కుదరదు. చెరువు గీత ఎక్కడన్నది అమ్మేవాడు చెప్పేది కాదు, ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించాలి. రూల్స్‌కు సవరణలు వస్తూ ఉంటాయి కాబట్టి నుడా ఆఫీసులో తాజా జీవో అడిగి చూసుకోవడం మంచిది.

రెండోది మనుషుల కోసం. లేఅవుట్ మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. అది పార్కుకు, పిల్లల ఆటలకు, చెట్లకు. పెద్ద స్థలాల్లో భవనాలు కట్టేటప్పుడు ప్రహరీ వెంబడి కనీసం ఒక మీటరు వెడల్పున మొక్కల వరుస పెంచాలని కూడా రూల్స్ చెబుతాయి. కానీ ఊళ్లల్లో ఎక్కువగా జనరేటరుకూ, బైకులకూ పోయేది ఆ మీటరే.

ఈ రెండింటి మధ్య ఒక మెలిక ఉంది. కాలువ పక్కన వదిలిన బఫర్‌ను ఖాళీ స్థలం లెక్కలో కలుపుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ప్లాటు చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కింద మాత్రం చూపించకూడదు. కాబట్టి మ్యాపులో పార్కు మొత్తం డ్రెయిన్ పక్కన సన్నగా, పొడుగ్గా గీసి ఉంటే అది అక్రమం అని వెంటనే అనలేం. కానీ ఆ జాగాలో ఆరేళ్ల పిల్లాడిని ఆడుకోమని ఏ తల్లి వదులుతుంది? కొనేవాళ్లు బేరం ఆడేటప్పుడు రేటుతోపాటు ఈ సంగతి కూడా అడగాలి.

అమ్మేవాళ్లకు ఆశ ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 5 ఎకరాల పొలం, ఒక పక్కన 100 మీటర్ల పొడవున పెద్ద డ్రెయిన్ ఉందనుకుందాం. 9 మీటర్ల బఫర్ అంటే 900 చదరపు మీటర్లు, దాదాపు 22 సెంట్లు. నెల్లూరు లెక్కలో అంకణం 8 చదరపు గజాలు కదా, అలా చూస్తే సుమారు 134 అంకణాలు. 22 అంకణాల ప్లాట్లు వేస్తే ఆరు ప్లాట్లు. ఇక 10 శాతం ఖాళీ స్థలం అంటే 2,420 గజాలు, 302 అంకణాలు. అంకణం రేటుతో గుణిస్తే ఆ పచ్చరంగు వెనక ఎంత డబ్బుందో ఎవరికైనా అర్థమవుతుంది. అందుకే మొదట మ్యాపులో పార్కు అని చూపించిన జాగా, నాలుగేళ్ల తర్వాత వెళితే 61, 62, 63 నంబర్ల ప్లాట్లుగా కనిపిస్తుంది.

ఆ జాగా ఎందుకు అంత అవసరం అంటే, చాలామంది చెట్లు, గాలి అంటారు. కొడవలూరు లాంటి చోట అంతకన్నా మోటు కారణం ఒకటుంది. డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూటికాడ ఏటా పెరుగుతాయి, ఒండ్రు పేరుకుంటుంది. వానలకు ముందు పొక్లెయిన్ దిగి తీయాలి. తీసిన మట్టి ఎక్కడో పోయాలి. ఆ యంత్రం నిలబడేది, ఆ మట్టి పోసేది ఒడ్డు మీదనే. ఒడ్డు మీద గోడలు లేచాయంటే యంత్రం రాదు, పూడిక తీయరు, డ్రెయిన్ సగానికి సగం ఇరుకవుతుంది. అప్పుడు అల్పపీడనం వచ్చి రెండు రోజులు వాన కొడితే నీళ్లు ముందు పైనున్న రైతు పొలంలో నిలుస్తాయి, తర్వాత కాలనీలోకి వస్తాయి. గోడ కట్టినవాడు ఒకడు, మునిగేవాళ్లు పదిమంది.

ఇది మన ఫిఖ్‌కు కొత్త విషయం కాదు. బావికి, ఊటకు, నదికి చుట్టూ ఉండే జాగాను హరీమ్ అంటారు. హనఫీ ఫిఖ్‌లో బావికి 40 మూరల హరీమ్ చెప్పారు. అందులో ఇంకొకరు వచ్చి తవ్వడానికి లేదు. నదికి, కాలువకు హరీమ్ ఎందుకు అన్నదానికి ఉలమా చెప్పిన కారణాల్లో ఒకటి సరిగ్గా ఇదే: పూడిక తీసి పోయడానికి, ఒడ్డు వెంట నడవడానికి జాగా కావాలి. పొక్లెయిన్ లేని రోజుల్లో కూడా కాలువ కష్టం అదే. నెల్లూరు వాళ్లకు మరో ఉదాహరణ కూడా అక్కర్లేదు. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగేది స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడే. చెరువూ, దాని ఒడ్డూ లేకపోతే ఆ పండుగే లేదు.

ఇక్కడ కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన మాట ఒకటి. కొత్త కాలనీల్లో మన ఇళ్లు పది పదిహేను అయ్యేసరికి, పార్కు జాగాలో చిన్న మస్జిద్ కట్టుకుందాం అన్న ఆలోచన వస్తుంది. పక్కవాళ్లకు గుడి ఆలోచన, ఇంకొకరికి చర్చి ఆలోచన. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పార్కుల్లో, రోడ్ల మీద, బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం ప్రార్థనా స్థలమూ కట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశం ఇచ్చింది. అందరి హక్కు ఉన్న జాగాలో మస్జిద్ కట్టి, తర్వాత నోటీసులు, గొడవలు తెచ్చుకోవడం కన్నా చందా వేసుకుని రెండు ప్లాట్లు కొనడం మేలు.

పార్కు జాగా గురించి కోర్టులు గట్టిగానే మాట్లాడాయి. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి మంచి పనే కదా అన్న వాదన నిలబడలేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి చెరువు జాగాలో కట్టిన ఇళ్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేయడం కుదరదని చెప్పింది. ఇంకోవైపు బెంగళూరు చెరువులకు గ్రీన్ ట్రిబ్యునల్ 2016లో బఫర్‌ను 75 మీటర్లకు పెంచితే, 2019లో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. రూల్స్‌లో, మాస్టర్ ప్లాన్‌లో ఎంత దూరం రాసి ఉంటే అంతే. కాబట్టి వాదించేవాళ్లు అంకె సరిగ్గా తెలుసుకుని వాదించాలి.

"ఎల్‌ఆర్‌ఎస్ కట్టేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనే మాట కూడా బాగా వినిపిస్తుంది. 2020 నాటి పథకంలో ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువ మీద 14 శాతం చార్జీ పెట్టారు. ఆ డబ్బు కడితే ప్లాటుకు కాగితం వస్తుంది, పార్కు మాత్రం రాదు. అమ్మినవాడు మిగుల్చుకున్న జాగాకు కొన్నవాడు జరిమానా కట్టినట్టు. పైగా చెరువు, వాగు లోపలి స్థలాలకు అసలు క్రమబద్ధీకరణే లేదు.

మరి చూడాల్సిన కాగితాలు ఏవి? నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. దాని పరిధిలో ఉన్న గ్రామమైతే లేఅవుట్ మంజూరు నుడా నుంచి రావాలి, పరిధి బయటైతే డీటీసీపీ నుంచి. "పంచాయతీ అప్రూవ్డ్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ముందుగా మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూడాలి: నివాసమా, వ్యవసాయమా, పరిశ్రమలా, నీటివనరుల రక్షణా. జోన్ మార్చాలంటే ప్రభుత్వం ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. అది జరగకుండా వ్యవసాయ జోన్‌లో ప్లాట్లు వేశారంటే అక్కడే ఆగిపోవచ్చు.

తర్వాత మంజూరైన మ్యాపు, బ్రోచర్ కాదు. దాన్ని సర్వే శాఖ ఎఫ్‌ఎంబీ పటంతో పక్కపక్కన పెట్టి చూడాలి. పాత పటంలో వాగు ఉండి కొత్త మ్యాపులో లేకపోతే, వాగు ఎక్కడికీ పోలేదు, కాగితం మీదే పోయింది. అడంగల్‌లో "వాగు పోరంబోకు", "కాలువ పోరంబోకు" అన్న మాటలు కనిపిస్తే ఆ సబ్‌డివిజన్ జోలికి వెళ్లకూడదు. రెరా రిజిస్ట్రేషన్ ఉందా అన్నదీ చూడాలి. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌కు అది తప్పనిసరి. మంజూరైన ప్లాన్‌ను తర్వాత మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలని రెరా చట్టంలో ఉంది. పార్కును ప్లాట్లుగా మార్చినప్పుడు గట్టిగా పనికొచ్చేది ఈ నిబంధనే.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం గిఫ్ట్ డీడ్. లేఅవుట్‌లోని రోడ్లు, 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థ పేరున, అంటే పంచాయతీ పేరున, ఉచితంగా రిజిస్టర్ చేసి ఇవ్వాలి. అది జరిగితే ఆ జాగా ఇక అమ్మినవాడిది కాదు. జరగకపోతే పాసుపుస్తకంలో ఇంకా పాత యజమాని పేరే ఉంటుంది, రేపు అతని కొడుకు వచ్చి అమ్మినా ఆశ్చర్యం లేదు. పంచాయతీ కార్యదర్శిని డీడ్ నంబరు అడగొచ్చు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కొడవలూరు మండలానికి ఇళ్ల ప్లాట్లతోపాటు ఇంకో పెద్ద విషయం ఉంది. రాచర్లపాడు, రేగడిచెలిక వైపు ఇఫ్కో కిసాన్ సెజ్ దాదాపు 2,700 ఎకరాల్లో ఉంది. ఎరువుల ఫ్యాక్టరీ కోసమని తీసుకున్న భూమి, తర్వాత సెజ్ అయింది. పరిశ్రమలకు గ్రీన్ బెల్ట్ షరతు వేరే దారిలో వస్తుంది. 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ కింద ఇచ్చే పర్యావరణ అనుమతి పత్రంలోనే ఎంత శాతం, ఎక్కడ అన్నది రాస్తారు. చాలా పత్రాల్లో 33 శాతం అని కనిపిస్తుంది, కానీ ఏ ఫ్యాక్టరీకి దాని పత్రంలో రాసిందే లెక్క. షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది రహస్య పత్రం కాదు, ఎవరైనా అడిగి చూడొచ్చు. పక్క ఊళ్లో ఉద్యోగాలు వస్తాయని సంతోషించే కుటుంబాలు ఆ నివేదిక కూడా ఒకసారి తెప్పించుకుంటే, గేటు ముందు నాటిన పూలమొక్కలు కాకుండా ఊరి వైపున వేప, కానుగ, నేరేడు వరుసలు లేచాయో లేదో తెలుస్తుంది. దుమ్మును, చప్పుడును ఆపేది అవే.

ఇప్పటికే కొన్నవాళ్ల సంగతి వేరు. పార్కులోనో, బఫర్‌లోనో కొత్తగా గుంజలు పాతుతుంటే ఆ రోజే ఫోటో తీసి, మంజూరైన మ్యాపు జత చేసి, పంచాయతీకీ నుడాకూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఇవ్వొచ్చు. కాలువ, చెరువు ఆక్రమణ అయితే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లొచ్చు, కానీ వివాదం మొదలైన 6 నెలల్లోపు వెళ్లాలి. ఒక్కరు కాకుండా కాలనీ వాళ్లంతా, ఏ మతం వాళ్లయినా, కలిసి సంతకాలు పెడితే ఆఫీసుల్లో కాగితం తొందరగా కదులుతుంది.

కొనబోయేవాళ్లు మాత్రం ఎండాకాలంలో చూసిన ప్లాటును అక్టోబరు, నవంబరు వానల్లో ఇంకోసారి వెళ్లి చూడాలి. ఏజెంటు లేకుండా వెళ్లి, డ్రెయిన్ ఒడ్డున ఉన్న రైతును పలకరించి, పోయినసారి నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే, ఆయన చెయ్యి చాపి చూపిస్తాడు.