ప్రాథమిక పాఠశాలలో నేటి చిత్రకళ

కళింగపట్నమున వంశధార సముద్రమున గలియును. అచ్చట సూర్యుడు నీటినుండి యుదయించును. కొండయన్నచో పడమట, నదికి దక్షిణపు గట్టున నున్న శాలిహుండమువైపున గలదు. అయినను తెలుగునాట ప్రాథమిక పాఠశాలలో నొక బాలునకు పలకనిచ్చి బొమ్మ గీయుమన్నచో తరచుగా గీయునది యొక్కటియే: రెండు కొండలు, వానినడుమ సగము సూర్యుడు, వంకరగా దిగు నొక యేరు, ఒడ్డున గుడిసె, కొబ్బరిచెట్టు, ఆకాశమున రెండుమూడు పక్షులు. కడలియొడ్డున బుట్టి తండ్రితో తెప్పయెక్కిన బాలుడును తన సూర్యుని ఆ కొండలనడుమనే యుంచును. తాను నిత్యము చూచునది బొమ్మకు దగినదని యెవ్వరు నతనికి జెప్పియుండరు. నల్లబల్లమీద పంతులు గీసినదే బొమ్మయని యాతడు నమ్మినాడు.

ఈ నమ్మకమునకు మూలము పాతది. 1850లో డాక్టరు హంటరు చెన్నపట్నమున చిత్రకళాశాలను స్థాపించిన కాలమున చిత్రలేఖనమనగా చేతిపనివానికి కన్నును చేతిని సరిచేయు సాధనము. సరళరేఖ, వృత్తము, కుండ, మామిడికాయ - ఇట్లు మాదిరిని జూచి మాదిరివలె దించుట చదువైనది. పనివారిని తయారు చేయుటకు అది తగియుండవచ్చును. ఆరేండ్ల పాపకు మాత్రము తగదు. 1897లో వియన్నా నగరమున ఫ్రాంజ్ చీజెక్ పిల్లల కొఱకే యొక చిత్రతరగతి నారంభించి, మాదిరులను తొలగించి, వారి గీతను వారికే విడిచినాడు. మనదేశమున సేవాగ్రామపు పాఠశాలలో దేవీప్రసాద్ అట్టి పనినే గాంధీగారి విద్యాపద్ధతిలో ఇమిడించి చూపెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమును, 2020 నాటి జాతీయ విద్యావిధానమును కళను ఇతర పాఠములతో గలిపి బోధింపుమని చెప్పుచున్నవి. ఆజ్ఞకు కొదువలేదు. కొదువ యెచ్చటననగా, నలువదిమంది పిల్లలయెదుట నిలిచిన యుపాధ్యాయుని చేతిలో నేమున్నదన్న చోట.

"నాకు బొమ్మ గీయుట రాదు" అని పలువురు ఉపాధ్యాయులు వెనుదీయుదురు. ఈ పనికి అదియొక విధముగా మేలు. గీయనేరని వాడు మాదిరి చూపడు. అతడు చేయవలసినది ఒక మంచి చిత్రమును దెచ్చి తరగతిలో నుంచి, పిల్లలను చూడనిచ్చుట. ఆ చిత్రము దూరదేశపుది కానక్కఱలేదు. శ్రీకాకుళముననే 1921లో జన్మించిన వడ్డాది పాపయ్య "చందమామ" ముఖచిత్రములద్వారా లక్షలకొలది పిల్లల చేతులలోనికి వచ్చినాడు. ఆ పత్రిక యిప్పుడు వెలువడుట లేకున్నను పాతసంచికలు ఇండ్ల అటకలపై దొరకకపోవు.

పాపయ్య విషయమున నొక యాక్షేపము రావచ్చును. చిన్ననాడు ఇంట వ్రేలాడుచున్న రవివర్మ కోదండరామ చిత్రమును జూచి దించియే ఆయన చిత్రకారుడైనాడని ప్రసిద్ధి. తండ్రియు డ్రాయింగు ఉపాధ్యాయుడే. మఱి దించుట దోషమెట్లగును? దించుట దోషము గాదు. ఆ బాలుడు తనకు నచ్చిన పటమును తానే యెన్నుకొనెను, తనివితీర జూచెను. తరగతిలోని బాలునకు ఎన్నుకొను హక్కు లేదు, చూచుటకు వ్యవధి లేదు. నల్లబల్లపై సుద్దగీతల కుండ తప్ప చూడదగినదియు లేదు.

కావున ఒక గంటకు ఒక చిత్రమే చాలును. మొదట కొంతసేపు ఎవ్వరును మాటలాడరాదు. పిమ్మట ప్రశ్నలు: ఇందులో నేమేమి కనబడుచున్నది? వెలుతురు ఏ ప్రక్కనుండి వచ్చుచున్నది? నీడ యే రంగు? పటపుటంచునకు అవతల నేముండును? "ఇందులోని నీతి యేమి?" అను ప్రశ్న మాత్రము వేయరాదు, ఆ ప్రశ్నతో పిల్లల కన్నులు మూతపడి, పంతులు మెచ్చు సమాధానమును వెదకుట మొదలగును. నీడ నలుపని యందఱు నన్నచో వారిని ఆరుబయటికి గొనిపోయి ఇసుకమీద తమ నీడలనే చూడుమనవలెను.

విజయనగరపు అంట్యాకుల పైడిరాజు స్త్రీమూర్తులను, తెలంగాణకు చెందిన తోట వైకుంఠము స్త్రీమూర్తులను ప్రక్కప్రక్కన నుంచిన గంట మఱింత ఫలవంతము. చీర, బొట్టు, కొప్పు ఇరువురియందును గలవు. కాని గీత వేఱు, రంగు వేఱు. ఒకే వస్తువును ఇద్దఱు రెండు తీరుల జూడవచ్చునని ఏడేండ్ల పాపకు ఉపన్యాసముచే దెలుపలేము, ఈ రెండు పటములు తెలుపును. తరువాత తమ తల్లిని గీయుమన్నచో నలువది కొండలకు బదులు నలువదిమంది తల్లులు వత్తురు.

ఆకారము దెలియని నేటి చిత్రములన్నచో ఉపాధ్యాయులకు జంకు మెండు. పిల్లల కంత యుండదు. కె. సి. ఎస్. పణికరు 1963 ప్రాంతమున "పదములు, చిహ్నములు" అను చిత్రమాల నారంభించుటకు ప్రేరణ యొక విద్యార్థి గణితపు నోటుపుస్తకపు పుట. అంకెలు, అక్షరములు, కొట్టివేతలు - ఇవియే ఆయనకు చిత్రమైనవి. కళింగపట్నపు బాలునకు ఇట్టి సామగ్రి కఱవా? పడవ ప్రక్కలపై వ్రాసిన పేర్లు, అంకెలు, వలకన్నులు, తన లెక్కలపుస్తకమున ఎఱ్ఱసిరా దిద్దుబాట్లు. తప్పుచేసినందుకు తిట్లుదిన్న పుటయే బొమ్మయగుట చూచిన బాలుడు లెక్కలకును కొంత దగ్గఱ కావచ్చును. ఇసుకయును సామగ్రియే: పూరీతీరమున సుదర్శన పట్నాయక్ సైకతశిల్పములకు 2014లో పద్మశ్రీ లభించెను. అలలకు దూరముగా, పెద్దల కనుసన్నలలో ఈ పని చేయింపవలెనని వేఱుగా జెప్పనక్కఱలేదు.

సవరల గోడచిత్రముల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. ఎఱ్ఱమట్టి గోడమీద బియ్యపుపిండితో గీచిన ఆ మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుగులు, సూర్యచంద్రులు ఇప్పుడు సంచులమీదను చీరలమీదను అచ్చగుచున్నవి. కాని మూలమున నవి పితరులకును దేవతలకును ఇంట నేర్పఱచిన నెలవులు. దానిని జెప్పక అంచుముగ్గువలె దించుమనుట ఆ జనులయెడ అమర్యాద. శాలిహుండపు బౌద్ధావశేషములను 1919లో గుర్తించిన గిడుగు రామమూర్తి పంతులు సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింపవలెనని పాటుపడినవాడు. గ్రంథభాషలో వ్రాయుచు ఆయనను దలచుట కొంత వింతయే. అయినను ఇంటిపలుకును గూర్చి యాయన వాదించినది ఇంటిగీతకును చెల్లును.

పరికరములకు వ్యయము స్వల్పము. బొగ్గు, సుద్ద, జేగురు, పసుపు, నీలిమందు, ముగ్గుపిండి, పాత క్యాలెండరుల వెనుకవైపు - ఇవి చాలును. మార్కు లీయరాదు. బొమ్మ వెనుక గీసినవారి పేరు, తేదీ, తాను చెప్పదలచిన యొక వాక్యము వ్రాయింపవలెను; ఆ వాక్యమే నాటి తెలుగుపాఠము. బొమ్మలను ఇన్స్పెక్టరు కంటికి గాక, పిల్లల కంటి యెత్తున గోడకు దగిలింపవలెను. బాగున్నవానిని ఏఱి తగిలించుట కాదు, అన్నింటిని తగిలించుట. స్థలము చాలకున్నచో వారమున కొక వరుస చొప్పున మార్చవచ్చును.