ఎలుకకు బోను, మనిషికి వీలు

ఎలుకల బోను పెట్టబోయే ఎవరికైనా ఎలుక కంటే ముందు గుర్తొచ్చేది సొంత బొటనవేలు. అరచేతిలో ఇమిడే చెక్కపలక, దాని నడుమ చుట్టలు తిరిగిన స్టీలు తీగ, వెనక్కి లాగిపట్టిన కమ్మీ. కొక్కెం తగులుకుందో లేదో చూస్తూ, ఊపిరి బిగబట్టి, వేలు మెల్లగా వెనక్కి తీసుకోవాలి. ఈ చిన్న యంత్రం చరిత్ర నూటముప్పై ఏళ్లకు పైమాటే. అది తిరగేస్తే ఒక సంగతి తేలుతుంది. దానికి జరిగిన మార్పుల్లో చాలా వాటికి ఎలుకతో పనిలేదు. ఆ వేలి కోసం కొన్ని, ఆ వేలున్న మనిషి జేబు కోసం కొన్ని, అతగాడి కళ్లకు కనపడకుండా ఉండడానికి ఇంకొన్ని.

ఎలుక మన ఇంటికి నిన్నామొన్నా వచ్చిన చుట్టం కాదు. మధ్యధరా సముద్రానికి తూర్పున, సేద్యం ఇంకా పుట్టకముందే, అడవి గింజలు ఏరుకుని తింటూ ఒకేచోట ఎక్కువకాలం నిలిచిన జనం ఉండేవారు. వాళ్ల నివాసాల తవ్వకాల్లో దాదాపు 15,000 ఏళ్ల నాటి ఇంటి చిట్టెలుకల పళ్లు దొరికాయి. అంటే మనం ధాన్యపు కొట్లు కట్టకముందే అది వచ్చి కూర్చుంది. బోనులూ పాతవే. న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియంలో 1430 ప్రాంతంలో ఫ్లాండర్స్‌లో వేసిన ఒక మూడు పలకల చిత్రం ఉంది. అందులో మేరీమాత భర్త, వడ్రంగి జోసెఫ్, తన కొట్లో కూర్చుని పనిచేసుకుంటుంటాడు. ఆయన బల్ల మీద ఒక ఎలుకల బోను, అమ్మకానికన్నట్టు కిటికీ అరుగు మీద మరొకటి. అది సైతాను కోసం దేవుడు పన్నిన బోనుకు గుర్తని కళాచరిత్రకారులు వ్యాఖ్యానిస్తారు. కావచ్చు. నాకు మాత్రం ఆ కాలపు వడ్రంగికి బోనులు కూడా ఒక బేరమేనన్న ముక్క ఎక్కువ నచ్చుతుంది.

పాత బోనుల్లో దెబ్బకు బలం బరువు నుంచైనా రావాలి, వంచిన కర్ర నుంచైనా రావాలి. బరువైన దిమ్మె కింద పుల్ల నిలబెట్టి, పుల్ల కదిలితే దిమ్మె పడేట్టు చేయడం ఒక పద్ధతి. రెండోది మనకు బాగా తెలిసినదే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరిచేలల్లో సాయంత్రం బుట్టలు పెట్టి, పొద్దున్నే వచ్చి పడిన ఎలుకలను లెక్కచూపి కూలి తీసుకునేవాళ్లున్నారు. అక్కడ స్ప్రింగు పని చేసేది వెదురుబద్ద. వంచి తాడుతో బిగించి ఉంచుతారు. లోపలి ఎరను ఎలుక ముట్టగానే మెలి ఊడుతుంది, బద్ద నిటారుగా లేస్తుంది, తాడు మెడకు బిగుసుకుంటుంది. వంచినప్పుడు మన చేయి పెట్టిన శక్తిని దాచి, ఎలుక చేత విడిపించడమే ఇందులోని కిటుకు. చెక్కపలక బోనులోనూ జరిగేది అదే. వెదురు వచ్చే చోట తీగ వచ్చింది, అంతే.

ఆ తీగ రావడం వెనక పెద్ద కథే ఉంది. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో అమెరికాలో స్టీలు చవకైంది, దానితో తీగ చవకైంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో డికాల్బ్ ఊరి రైతు జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంటు తీసుకున్నది 1874లో. ఇరవై ఏళ్ల తరవాత, 1894 నవంబరు 6న, అదే రాష్ట్రంలోని అబింగ్డన్ ఊరివాడు విలియం హుకర్‌కు ఎలుకల బోను మీద పేటెంటు వచ్చింది. నంబరు 528671. అంతకుముందు స్ప్రింగు బోనులు లేవని కాదు. న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ కీప్ 1879లోనే ‘రాయల్ నంబర్ 1’ పేరుతో ఒకటి తెచ్చాడు. కానీ దాని దవడలు పోత ఇనుముతో చేసినవి. హుకర్ బోనులో పోత పోయాల్సిందేమీ లేదు. ఒక పలక, కొన్ని మేకులు, వంచిన తీగలు. ఎలుకకు అనుమానం రాకూడదు, కన్నం పక్కనే పెట్టడానికి వీలుగా ఉండాలి, ధర తక్కువ కావాలి అని పేటెంటులోనే రాసుకున్నాడు. ఈ మూడింటిలో మొదటిదే ఎలుక సంగతి.

లోపలి పని కాస్త దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. పలక నడుమ చుట్టలు తిరిగిన స్ప్రింగు. దానికి పట్టి ఉన్న కమ్మీని అర్ధవృత్తం వెనక్కి తిప్పి నొక్కిపడతాం. దాని మీదుగా ఒక సన్నటి ఊచ వెళ్తుంది. ఊచకు ఒక కొస పలక చివర కీలుకు తగిలించి ఉంటుంది, రెండో కొస ఎర పెట్టే రేకు కొక్కెం కిందికి దూరుతుంది. కమ్మీ ఊచను పైకి నెట్టేది కీలుకు దగ్గరలో, కొక్కెం పట్టుకునేది చాలా దూరాన. ఇదంతా మీట సూత్రమే. వేలు చితగ్గొట్టగల బలం ఊచ అవతలి కొసకు వెళ్లేసరికి బాగా తగ్గిపోతుంది. ఆ మిగిలిన కాస్త బలాన్నీ ఆపుతున్నది తీగకూ రేకుకూ మధ్య ఉన్న రాపిడి. చిట్టెలుక మూతితో రేకును అలా కదిపితే చాలు, ఊచ జారుతుంది. తుప్పు పట్టిన బోను ఎలుక ఎర తిని వెళ్లిపోయినా పేలకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. స్ప్రింగులో సత్తువ ఉన్నా, రాపిడి పెరిగి కొక్కెం వదలదు.

హుకర్ బోనుతో దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో లీడ్స్ నగరపు ఇనుప సామాన్ల వ్యాపారి జేమ్స్ హెన్రీ అట్కిన్సన్ ‘లిటిల్ నిప్పర్’ తెచ్చాడు. అది మూసుకోవడానికి సెకనులో వెయ్యింట 38 వంతులు పడుతుందని చెబుతారు. రెప్పపాటు దీనికంటే చాలా ఎక్కువ. 1913లో దాని హక్కులను ప్రాక్టర్ కంపెనీకి వెయ్యి పౌండ్లకు అమ్ముకున్నాడు. ఎవరు ముందు, ఎవరిది అసలు అన్న తగువు రెండు దేశాల వాళ్ల మధ్యా ఉంది, దాంట్లోకి మనం దిగక్కర్లేదు. ఇప్పుడు మన చేతికొచ్చే బోనుకు దగ్గరి తాత పెన్సిల్వేనియాలోని లిటిట్జ్ ఊరి జాన్ మాస్ట్ చేసినది. 1899లో దరఖాస్తు, 1903 నవంబరు 17న పేటెంటు. అందులో ఆయన గొప్పగా చెప్పుకున్నది ఎలుక ఎంత తొందరగా చస్తుందన్నది కాదు. బోను పెట్టే మనిషి వేళ్లు కమ్మీ కింద పడి నలగకుండా, నిశ్చింతగా సర్దుకోవచ్చన్నది. ‘విక్టర్’ పేరుతో ఎర్ర అక్షరాలు అచ్చేసిన చెక్కపలకలు ఆ ఊరి నుంచే దేశమంతా వెళ్లాయి.

అక్కడితో ఎలుక వైపు నుంచి లెక్క ముగిసినట్టే. కానీ మనుషులు ఆగలేదు. అమెరికా పేటెంటు ఆఫీసు ఎలుకల బోనుల మీద ఇచ్చిన పేటెంట్లు 4,400కు పైనే. ఇంత చిన్న పనికి ఇన్ని కొత్త యంత్రాలు కనిపెట్టిన జాతి మరొకటి ఉండదు. వీటిలో డబ్బు సంపాదించి పెట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంచి బోను చేస్తే ప్రపంచమే నీ గుమ్మానికి దారి వేసుకుని వస్తుందన్న మాట అమెరికా రచయిత ఎమర్సన్ పేర చలామణీ అవుతుంది. ఆయన డైరీలో ఆ అర్థమొచ్చే ముక్క ఉంది, కానీ అందులో ధాన్యం, కలప, పందులు, కుర్చీలు ఉన్నాయే తప్ప బోను లేదు. అది ఆయన పోయాక ఎవరో చేర్చినది. ఆ మాట నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లను తలుచుకుంటే జాలేస్తుంది.

ఎలుక కోసం కాకుండా బోను వేరే చోట్ల కూడా కొలువు చేసింది. 1957లో డిస్నీ వాళ్లు టీవీలో పరమాణువు గురించి చూపిన కార్యక్రమంలో, బల్ల నిండా బిగించిన బోనులు పరిచి, ఒక్కో దాని మీద పింగ్‌పాంగ్ బంతులు పెట్టారు. ఒక్క బంతి విసిరితే క్షణాల్లో అన్నీ పేలి బంతులు ఎగిరాయి. గొలుసు చర్య ఎలా ఉంటుందో చూపడానికి అంతకంటే మంచి ఉపాయం నాకైతే తట్టదు. 1996లో మైకేల్ బిహీ అనే జీవరసాయన శాస్త్రవేత్త, బోనులో ఒక్క భాగం తీసేసినా పనిచెయ్యదు కాబట్టి జీవకణంలోని యంత్రాలు కూడా ముక్కముక్కగా పరిణమించి ఉండవని వాదించాడు. కెన్నెత్ మిల్లర్ అనే జీవశాస్త్రవేత్త కొన్ని భాగాలు ఊడదీసిన బోనును టైకి క్లిప్పుగా పెట్టుకుని తిరిగాడు. కొన్ని భాగాలు లేకపోయినా వేరే పనికి వస్తుంది కదా అన్నదే జవాబు.

చెక్క బోనును దాదాపు మూల కూర్చోబెట్టింది మందు. 1933లో, మంచు తుపాను రోజున, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు పాల క్యాను నిండా గడ్డకట్టని నెత్తురు పట్టుకుని జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. బూజుపట్టిన గడ్డి మేసి ఆయన పశువులు నెత్తురు కారి చస్తున్నాయి. ఆ గడ్డిలోని విషాన్ని వేరుచేయడానికి ఏళ్లు పట్టింది. దాని తోబుట్టువే 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చిన వార్ఫారిన్. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు ఈనాటికీ కొలిచి మింగే మాత్ర కూడా అదే. పెద్ద ఎలుకలు కొత్త తిండి కనపడితే కొరికి చూసి ఆగుతాయి, కడుపులో తేడా చేస్తే మళ్లీ ముట్టవు. వార్ఫారిన్ నాలుగైదు రోజులకు గానీ చంపదు, కాబట్టి తప్పు దేనిదో ఎలుకకు తెలియదు. చూసేవాడికీ సుఖమే, చావు కళ్లముందు జరగదు. అయితే అటక మీద ఎక్కడో చచ్చి పడి వారం తరవాత కంపు కొడుతుంటే వెతకడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. పదేళ్లు తిరిగేసరికే, 1958లో, స్కాట్లండులో ఈ మందుకు లొంగని ఎలుకలు బయటపడ్డాయి. ఇంకా ఘాటైన మందులు వచ్చాయి, చచ్చిన ఎలుకలను తిన్న గుడ్లగూబల ఒంట్లోకీ అవి చేరాయి. చెక్కపలక మళ్లీ కొట్టు ముందు వరసలోకి వచ్చింది.

మనిషి వీలు మరీ శృతి మించిన చోటు జిగురు అట్ట. పెట్టడం సులువు, వేలికి భయం లేదు, ధర తక్కువ. ఎలుక మాత్రం గంటల తరబడి కాళ్లు పీక్కుంటూ చస్తుంది. వేల్స్ 2023లో వీటిని పూర్తిగా నిషేధించింది. ఇంగ్లండులో 2024 జులై 31 నుంచి లైసెన్సు ఉన్న నిపుణులు తప్ప వాడకూడదు. వీటిని అడ్డుకోవాలని మన దేశంలో జంతు సంక్షేమ మండలి కూడా రాష్ట్రాలకు రాసింది. కిరాణా కొట్టుకు వెళ్లి చూడండి, వేలాడుతూనే ఉంటాయి.

మన ఇళ్లలో చాలామందికి ఇష్టం తలుపు పడే బోనే. వినాయకుడి వాహనాన్ని మన చేత్తో చంపామన్న పాపం ఉండదు. చిక్కల్లా తెల్లారాక మొదలవుతుంది. పకోడీ ముక్కకు ఆశపడి లోపలికొచ్చిన ఎలుక ఊచల మధ్య నుంచి చూస్తుంటే, దాన్ని ఎవరు తీసుకెళ్లాలి, ఎక్కడ వదలాలి? పక్క వీధిలో వదిలితే పక్క వీధివాళ్ల తిట్లు. మన గోడవతల వదిలితే రాత్రికి మళ్లీ వంటింట్లో.

ఏ బోనైనా పెట్టే చోటు తెలిస్తేనే పని. చిట్టెలుక గది మధ్యలో నడవదు, మీసాలు తగిలేంత దగ్గరగా గోడ వారగానే పరిగెడుతుంది. చెక్క బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడకు ఆనేట్టు పెట్టాలి. చిట్టెలుకకు కొత్త వస్తువంటే ఆసక్తి, మొదటి రాత్రే పడుతుంది. పెద్ద ఎలుకకు అనుమానం, కొన్నాళ్లు స్ప్రింగు బిగించకుండా ఎర మాత్రం పెట్టి మచ్చిక చేయాలి. జున్ను ముక్క సినిమాల్లోనే. నూరిన వేరుశెనగ ముద్ద బఠాణీ గింజంత రాస్తే చాలు. ఎక్కువ పెడితే రేకు కదపకుండానే నాకేసి పోతుంది. పెన్సిలు దూరేంత సందుంటే చిట్టెలుక దూరగలదు కాబట్టి, సింకు గొట్టం చుట్టూ ఉన్న సందును స్టీలు పీచు కుక్కి సిమెంటుతో పూయడం నాలుగు బోనుల పెట్టు.

ఇంగ్లండులోని సెల్సీ ఊరి కాలిన్ పుల్లింగర్ 1861లో పేటెంటు చేసిన బోనొకటి రెడింగ్ నగరంలోని గ్రామీణ జీవన మ్యూజియంలో ఉంది. ఒక ఎలుక పడ్డాక దానంతటదే తరవాతి ఎలుకకు సిద్ధమయ్యే ఊగుడు పలక రకం. జీవితకాలం మన్నుతుందన్న హామీతో అమ్మినది. 2016లో ఎర కూడా లేని ఆ ప్రదర్శన వస్తువులో ఒక ఎలుక దూరి చచ్చిపోయింది. 155 ఏళ్ల తరవాత!

ఇప్పుడు గోదాముల్లో, పెద్ద ఆఫీసుల్లో వస్తున్నవి ఎలుక పడగానే ఫోనుకు కబురు పంపే బోనులు. లోపల సెన్సరూ బ్యాటరీ ఉన్నా, దెబ్బ వేసేది చాలా వాటిలో ఇప్పటికీ స్ప్రింగే. పడిందా లేదా అని రోజూ వంగి చూసే శ్రమ మనిషికి తప్పింది. తోక పట్టుకుని తీసి అవతల పారేసే పని మాత్రం ఇంతవరకూ ఏ పేటెంటూ తప్పించలేదు.