గర్భిణికి కడుపునిండ భోజనము

గర్భిణి మితముగా తినవలెననియు, తిండి ఎక్కువైనచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగుననియు మన పల్లెలలో పెద్దలు చెప్పుట మేము పలుచోట్ల వినియున్నాము. కోడలి మేలుకోరి చెప్పు మాటయే యిది. ఆసుపత్రులు దూరముగా నుండిన కాలమున కష్టకాన్పునకు జడియుట వింత కాదు. కాని యీ మాట వలన కలుగు హానిని పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసియున్నది.

తల్లి తిండి తగ్గించినచో తక్కువ బరువు బిడ్డ పుట్టవచ్చును. రెండున్నర కిలోలకు తక్కువ తూగు శిశువు సులభముగా జబ్బుపడును. అంతకంటె పెద్ద ప్రమాదము రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి ఇది కలదని తేలినది. డెసిలీటరు రక్తములో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. 7 గ్రాములకు తగ్గినచో ఆసుపత్రి చికిత్స తప్పదు. ప్రసవమున ప్రతి తల్లికిని కొంత రక్తము పోవును. బలముగా నున్న ఆమె తట్టుకొనును. రక్తము చాలని ఆమెకు ఆపాటి స్రావమే ప్రాణము మీదికి తెచ్చును.

నాలుగవ నెల మొదలు రోజునకు 350 కేలరీల ఆహారము అదనముగా కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి సూచించుచున్నది. ఇది విందు కాదు. మామూలు భోజనమునకు పైన గరిటెడు అన్నము, గరిటెడు పప్పు, ఒక గ్రుడ్డు, గ్లాసెడు పాలు చాలును. తోటకూర, మునగాకు, సజ్జలు, ఉలవలు మన ఊళ్ళలో దొరకనివి కావు. వానితో నిమ్మరసమో ఉసిరికాయో తినినచో అందలి ఇనుము ఒంటబట్టును. భోజనము కాగానే త్రాగు టీ దానిని పట్టనీయదు. మన ఇండ్లలో ఈ అలవాటు ఎంతగా పాతుకొనినదో చెప్పనక్కరలేదు.

ఆహారమొక్కటే చాలదు. ఇనుము మాత్రను నాలుగవ నెల నుండి రోజునకొకటి చొప్పున 180 దినములును, కాన్పు తరువాత మరల 180 దినములును మ్రింగవలెను. మలము నల్లబడుట చూచి భయపడి కొందరు సగములో మానుచున్నారు. ఆ నలుపు వలన హాని లేదు. వికారమున్నచో రాత్రి భోజనమైన తరువాత వేసికొనవచ్చును. గుర్రపువాతము ముప్పును తగ్గించు కాల్షియం మాత్రను మాత్రము దీనితో కలిపి వేసికొనరాదు. రెంటికిని రెండు గంటల ఎడముండవలెను. తీవ్రమైన తలనొప్పి, కంటిమసక, ముఖమున వాపు కనబడినచో పథ్యములతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

అంగన్‌వాడీలలో గర్భిణులకు పూట భోజనము పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము తెలంగాణలో 2015 జనవరి 1న ఆరంభమైనది. కాని నాట్ల కాలమున కూలికి పోయిన ఆమె మధ్యాహ్నము కేంద్రమునకు వచ్చుట ఎట్లు? సరుకులు ఇంటికిచ్చు చోట్ల అవి ఇంటిల్లిపాది కంచములలోనికి పోవును; ఆమెకు మిగులునది కొద్దియే. కావున సభ్యులు హాజరు పుస్తకము చూచుటతో తృప్తిపడక, రానివారెవరో, ఏల రాలేదో విచారింపవలెను. పొలము ఆసాములతో మాటలాడి, కూలి కోయకుండ ఆ గంట సేపు ఆమెను పంపునట్లు చేయుట ఊరి పెద్దలకు సాధ్యమగు పనియే.