ఇనుప మూకుడును వైఫై తరంగములును



ఇంటర్నెట్టు తీగ ఇంటి ముందరి గదివరకు వచ్చినది. అచ్చటి రౌటరు అను పెట్టెనుండి వైఫై తరంగములు నలుదిక్కులకు వ్యాపించుచున్నవి. కాని పెరటి వసారాలో కంప్యూటరు ముందు కూర్చుండి పాఠము వినవలసిన మనుమనికి అవి చక్కగా అందవు. విదేశమందున్న కుమారుని ముఖము తెరపై కదలక నిలిచిపోవును. మాట నడుమనే తెగిపోవును. ఇట్టి సమయమున అంగడికి పరుగెత్తుటకు మునుపు ఒకసారి వంటయింటిలోనికి పోయి చూడవలెనని నా మనవి.

వైఫైకి సాధారణముగా వాడు తరంగములు సెకనునకు సుమారు 240 కోట్లసారులు కంపించును. కాంతివేగమును ఆ సంఖ్యచే భాగించినచో ఒక తరంగపు పొడవు తేలును. అది పన్నెండున్నర సెంటీమీటర్లు, అనగా జానెడుకంటె తక్కువ. దూరము రెట్టింపైనచో దీని బలము నాలుగవవంతగును. నీరు దీనిని మ్రింగును. కావున వానకు తడిసిన చెట్టుకొమ్మలు, తేమగల మట్టిగోడలు దీనికి శత్రువులు. లోహపు రేకు మాత్రము మ్రింగదు, వెనుకకు త్రిప్పికొట్టును.

ఈ త్రిప్పికొట్టు గుణమే మనకు సాధనము. దీపము వెనుక అద్దము నుంచినచో వెలుతురు ఒక దిక్కునకు మరలును గాని ప్రమిదలోని చమురు పెరుగదు. ఏంటెనా యొక్క ధర్మమును అట్టిదే. అది శక్తిని పుట్టింపదు. చెదరిపోవుదానిని ఒకచోటికి చేర్చును. 1888లో జర్మనీలో హెర్ట్జ్ పండితుడు జింకు రేకులను పరావలయాకృతిగా వంచి ఈ సంగతిని ప్రత్యక్షముగా చూపెను. ఒకప్పుడు దూరదర్శనమునకై మన డాబాలపై నిలిపిన కడ్డీల ఏంటెనా, 1926లో జపానులో ఊడా, యాగీ అను పండితులు ప్రకటించినది. ఇటీవలి కాలమున న్యూజీలండులో స్టాన్ స్వాన్ అను అధ్యాపకుడు వంటపాత్రలనే వైఫైకి వాడి చూపెను. మన మూకుడును ఆ జాతిదే కదా!

వైఫైని గ్రహించు బొటనవ్రేలంత యు.ఎస్.బి. అడాప్టరు ఒకటి, దానిని కంప్యూటరునకు కలుపు పొడిగింపు తీగ ఒకటి కావలెను. తీగ 5 మీటర్లు మించరాదు. అడాప్టరును పాత్రలో కిరణములు కలియు బిందువునం దుంచవలెను. ఆ బిందువును కనుగొనుట సులభము. పాత్ర అంచు వ్యాసమును దానిచేతనే గుణించి, వచ్చినదానిని లోతునకు 16 రెట్లచే భాగింపుడు. వ్యాసము 32, లోతు 8 సెంటీమీటర్లైనచో 1024ను 128చే భాగింపగా 8 వచ్చును. అనగా అడుగునుండి 8 సెంటీమీటర్లు. సరిగా అంచుల మట్టము. ఇట్లు లోతు వ్యాసములో నాలుగవవంతుగా నున్న మూకుడు దొరకినచో అదృష్టమే. అంచునకు అడ్డముగా ఒక వెదురుబద్ద కట్టి, దాని నడుమ అడాప్టరును బిగించిన చాలును. మూకుడు అచ్చమైన పరావలయము కాదు గనుక ఒకటి రెండు సెంటీమీటర్లు ముందువెనుకలకు జరిపి చూడవలెను. ఆరుబయట పెట్టుటకు చిల్లుల గిన్నె మేలు. చిల్లు సెంటీమీటరులోపు ఉన్నచో తరంగమునకు అదియు గోడయే. ఈదురుగాలి మాత్రము దూసికొనిపోవును.

అన్నిటికంటె ఓర్పు కావలసినది గురి కుదుర్చుటయందు. ఇది ఇద్దరి పని. ఒకరు పాత్రను వ్రేలెడు వ్రేలెడుగా త్రిప్పవలెను. ఒకరు తెరపై సంకేతబలమును చదువవలెను. తెరపై కనబడు గీతలను నమ్మకుడు. డెసిబెల్ సంఖ్యను చూపు ఉచిత సాధనములు కలవు. అది ఋణసంఖ్య. −80 నుండి −70కి వచ్చినచో అందిన శక్తి పదిరెట్లైనదని అర్థము. రౌటరు కడ్డీ నిలువుగా నున్నచో అడాప్టరును నిలువుగానే యుండవలెను. వీధి తీగయందే ఇంటర్నెట్టు మందముగా నున్నచో ఏ మూకుడును దానిని వేగిరపరుపజాలదు.

2005లో కేంద్రప్రభుత్వము ఈ తరంగములను పరిమితశక్తితో వాడుటకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించినది. సెల్‌ఫోను సంకేతమును పెంచు బూస్టరు యంత్రముల సంగతి వేరు; అనుమతిలేక వానిని నెలకొల్పుట నేరము. పొరుగువారి వైఫైని వారి సమ్మతితోనే వాడవలెను.

డాబాపై ఇనుపగొట్టముతో నిలుపదలచువారు మొదట తలయెత్తి కరెంటు తీగలను చూడవలెను. గొట్టము ఒరిగినను తీగకు తగులనంత దూరమున నిలుపుడు; వీలైనచో ఎండిన వెదురుగడనే వాడుడు. ఉరుము వినబడగానే డాబా దిగి, పొడిగింపు తీగను కంప్యూటరునుండి ఊడదీయుడు.