నవ్వించడం మగవాళ్ళ పనేనా?

ఈ నెల మన గోడపత్రికలో నేను అమెరికాలో పేరు పొందిన ఒక పాత టీవీ ప్రోగ్రాం గురించి రాస్తున్నాను. దాని పేరు 'ది కారోల్ బర్నెట్ షో'. ఇది 1967 నుండి 1978 వరకు సి.బి.ఎస్. అనే ఛానల్‌లో వారానికి ఒకసారి, గంటసేపు వచ్చేది.

ఇది సీరియల్ కాదు. సీరియల్‌లో ఒకే కథ సాగుతూ ఉంటుంది. ఇందులో స్కిట్లు ఉంటాయి. స్కిట్ అంటే మనం వార్షికోత్సవంలో వేసే పొట్టి నాటిక లాంటిది. ఒకటి అయిపోగానే ఇంకొకటి. ఇందాక రాణి వేషం వేసినామే ఇప్పుడు చీపురు పట్టుకుని వస్తుంది. మధ్యలో పాటలు, డాన్సులు కూడా ఉంటాయి.

కారోల్ బర్నెట్ 1933లో టెక్సాస్ రాష్ట్రంలో పుట్టింది. అమ్మానాన్నలిద్దరికీ తాగుడు అలవాటు. అందుకని అమ్మమ్మే పెంచింది. వాళ్ళుండేది సినిమావాళ్ళ ఊరు హాలీవుడ్‌లోనే గానీ, ఇల్లు మాత్రం ఒకటే గది. తర్వాత టీవీలో కనపడినప్పుడల్లా ఆఖర్న తన చెవి లాక్కునేది. అది అమ్మమ్మకి గుర్తు. నేను బాగున్నాను, నువ్వంటే నాకిష్టం అని దాని అర్థం. అమ్మమ్మ పోయాక కూడా అది మానలేదు.

ఆ ఛానల్‌తో ఆమెకి పదేళ్ళ ఒప్పందం ఉండేది. మొదటి ఐదేళ్ళలో ఆమె ఎప్పుడు అడిగినా గంట ప్రోగ్రాములు 30 ఇవ్వాలి అని అందులో రాసుంది. ఐదో ఏడు చివరి వారంలో ఆమె ఫోన్ చేసి అడిగింది. అలాంటి ప్రోగ్రాములు మగవాళ్ళు చేసేవి, నీకు వేరే కామెడీ సీరియల్ ఇస్తాం అని పెద్దాఫీసరు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కాగితం మీద రాసుంది కాబట్టి వాళ్ళకి ఇవ్వక తప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్రలు వేశారు. అందుకే ఈ సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక మిగతావాళ్ళ గురించి చెప్తాను. విక్కీ లారెన్స్ హైస్కూల్లో చదివేటప్పుడు, నేను మీలాగే ఉంటానంట అని కారోల్‌కి ఉత్తరం రాసింది. కారోల్ స్వయంగా వచ్చి చూసి షోలోకి తీసుకుంది. అప్పటికి విక్కీకి నటన పెద్దగా రాదు. పక్కనే ఉన్న హార్వీ కోర్మన్ దగ్గర నేర్చుకుంది. తర్వాత కారోల్‌కే అమ్మగా వేసింది. నిజానికి కారోల్ కంటే 16 ఏళ్ళు చిన్నది!

అందగాడి వేషాలకి లైల్ వాగనర్ ఉండేవాడు. టిమ్ కాన్వే ముందు అప్పుడప్పుడు వచ్చి, 1975 నుండి పూర్తిగా చేరాడు. ఒక స్కిట్‌లో ఆయన కొత్త పళ్ళ డాక్టరు. రోగికి ఇవ్వాల్సిన మత్తు సూది తన చేతికే గుచ్చుకుంటాడు. చెయ్యి వేలాడిపోతుంది. తర్వాత కాలికి గుచ్చుకుంటాడు. కుర్చీలో కూర్చున్న హార్వీ నవ్వు ఆపుకోలేక మొహం దాచుకుంటాడు. చూసేవాళ్ళు దానికి ఇంకా నవ్వుతారు.

1976లో ఒక పాత సినిమాని వెక్కిరిస్తూ వేసిన స్కిట్‌లో కారోల్ కిటికీ పరదాతో కుట్టిన గౌను వేసుకుని మెట్లు దిగుతుంది. పరదా కర్ర కూడా భుజాల మీద అలాగే ఉంటుంది! బాబ్ మాకీ అనే ఆయన తయారుచేసిన ఆ గౌను తర్వాత మ్యూజియంకి చేరింది.

షో ఆమె పేరు మీదే ఉన్నా, అందరూ నవ్వే మాటలు మిగతావాళ్ళకి కూడా ఇచ్చింది. అందుకే అది పదకొండు సీజన్లు నడిచింది. 25 ఎమ్మీ అవార్డులు వచ్చాయి.

ఇప్పుడు మన సంగతి. వార్షికోత్సవం రాగానే ఆడపిల్లలకి డాన్సు, మగపిల్లలకి కామెడీ అని పంచేస్తారు. మా ఊళ్ళో నాట్లు వేసేటప్పుడు చూడండి, అందర్నీ నవ్వించేది మా అత్తలూ అవ్వలే. మరి స్టేజీ మీద మనమెందుకు నవ్వించకూడదు? ఈసారి జనవరి 26కి ఆడపిల్లల స్కిట్ ఒకటి వేద్దాం. ఐదుగురం చాలు. పరదా లేకపోతే హాస్టల్ దుప్పటి ఉంది. ఇష్టమున్నవాళ్ళు ఆదివారం లోపల నాకు పేర్లు ఇవ్వండి.